సగం ప్లేటు

జీతాల శనివారం
చేతులు మూడుసార్లు నిమ్మచెక్కతో రుద్దుకుని,
అయినా పోని ఫ్యాక్టరీ వాసనను కోటు జేబుల్లో దాచుకుని
నేనూ ఒందీనా అడెరీతు హోటలుకి వెళ్ళేవాళ్ళం.
ఒక ప్లేటు, రెండు ఫోర్కులు.
నల్లపలక మీద సుద్దముక్కతో రాసుండేది:
రొబాలో, వెనిగర్ ఉల్లిపాయలతో.
వారమంతా డబ్బాల్లోకి కూరిన కరపావు కాదు,
దొరలు తినే చేప.
తింటున్నంతసేపూ ఒందీనా
చిటికెన వేలు కాస్త పైకెత్తి ఉంచేది.
నేను నవ్వితే బల్ల కింద కాలితో తన్నేది.

ఇప్పుడక్కడ ఫోన్లకు అద్దాలు బిగించే కొట్టు.
ఒందీనా నాలుగో అంతస్తులో, మోకాళ్ళు మొరాయించి,
కిటికీలోంచి మాతొజీన్యుష్ రేవుని తిడుతూ కూర్చుంటుంది.
"చచ్చేలోగా ఒక్కసారి ఆ చేప" అంటుంది,
చచ్చే ఉద్దేశం ఏ కోశానా లేని గొంతుతో.

సరే, వండాను.
సంతలో రొబాలో ధర అడిగి,
తప్పు విన్నానేమోనని మళ్ళీ అడిగి,
కరెంటు బిల్లు డబ్బుల్లోంచి కొన్నాను.
పిండి అద్ది వేయించాను. ఉల్లి చక్రాలు, వెల్లుల్లి,
పక్కింటి కుండీలోంచి కోసిన రెండు లారెల్ ఆకులు,
ఎర్రటి తీపి మిరపపొడి, వెనిగర్.
గిన్నె తువ్వాలులో మూటగట్టి
డెబ్బై రెండు మెట్లు.

ఒక ముక్క నోట్లో పెట్టుకుంది.
గోడ గడియారం వైపు చూస్తూ నమిలింది.
"కాదు."

వెనిగర్ తగ్గించాను. "కాదు."
తెల్ల వైన్ పోశాను. "ఇది పెళ్ళిభోజనం. కాదు."
నాలుగోసారి ఉప్పే మరిచిపోయాను,
దానికి మాత్రం "దగ్గరకొచ్చావు" అంది, పాపిష్టిది.

మందుల షాపు దగ్గర ఫౌస్తీను కనిపించాడు,
అడెరీతు దగ్గర ప్లేట్లు మోసినవాడు.
పన్ను పీకించుకుని దవడ పట్టుకున్నాడు.
అడిగాను. నొప్పి మరిచి నవ్వాడు.
"రొబాలోనా? ఆ డబ్బులకా, దోనా జుల్మీరా?
కరపావు. తల తీసి, తోలు ఒలిచి.
మీ గేటు దగ్గరే కొనేవాడు మా ఓనరు,
డబ్బాలో పట్టవని మీరు పక్కన పడేసినవి.
బుధవారం వేయించి, శనివారం దాకా వెనిగర్లో."

పంతొమ్మిదేళ్ళు.
చీకట్లో తడిమినా ఏ చేపో చెప్పే ఈ చేతులు
ఫోర్కు పట్టుకోగానే సుద్దముక్క రాతను నమ్మాయి.
కోపం రావాలి. వచ్చింది కూడా, ట్రామ్ స్టాపు దాకా.
ఆ తరవాత నవ్వు.
తనలో తను నవ్వుకునే ముసలిదాన్ని చూసి
ఓ కుర్రాడు హడలి సీటిచ్చాడు.

బుధవారం వేయించాను. శనివారం మెట్లెక్కాను.
"రొబాలో" అన్నాను, మూత తీస్తూ.
ఒందీనా నమిలింది. గడియారం వైపు చూడలేదు.
రెండో ముక్కకి చిటికెన వేలు లేచింది,
వాతంతో వంకరపోయిన వేలు,
దానంతటదే.

అప్పుడు నమలడం ఆపింది.
నాలుక కొసనించి ఏదో తీసి ప్లేటు అంచున పెట్టింది.
గోరుముక్కంత పొలుసు, రంపపు పన్నులా.
కరపావు పక్కన తోకదాకా సాగే ఆ గరుకు గీతను
రోజుకి ఎన్ని వందలు గీకి పారేశామో ఇద్దరం.
నా తొందరలో ఒకటి మిగిలిపోయింది.

దాన్ని చూసింది. నన్ను చూసింది.
"రొబాలో బాగా పిరమైపోయిందటగా" అంది.
"మండిపోతోంది" అన్నాను.
"రొట్టె ఇటివ్వు" అంది,
ఉల్లిపాయల అడుగున మిగిలిన నూనె చూసుకుంటూ.